చెప్పనేర్చిన డ్రైవరు

మోటారు కారు పందెములలో గెలుపు డ్రైవరు ధైర్యము వలననే కలుగునని సామాన్యముగ తలచెదము. ధైర్యము కావలసినదే. కాని పందెపు కారు అంగడిలో కొని తెచ్చి నడపునట్టిది కాదు. ఒక్కొక్క బాటకు, ఆనాటి ఎండకు, వానకు తగినట్లు దానిని సవరించుకొనవలెను. స్ప్రింగుల బిగువు, టైర్లలోని గాలి, ముందు వెనుకల రెక్కల వాలు, ముందు చక్రములకు ఎంత బ్రేకు, వెనుక చక్రములకు ఎంత బ్రేకు అను పాలు, ఇవన్నియు మార్చదగినవే. మార్చువాడు ఇంజనీరు. ఆ మార్పు ఫలమును అనుభవించువాడు డ్రైవరు. కారు ఎట్లు నడచుచున్నదో ఎరిగినవాడు సవరింపలేడు. సవరింపగలవాడు కారు లోపల లేడు. ఈ ఇద్దరి నడుమ నున్న వంతెన మాట యొక్కటే.

మన పిల్లలు ఈ పందెములను మిక్కిలి ఆసక్తితో చూచుచున్నారు. అది వింత కాదు. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు వద్ద ఇరుంగాట్టుకోట్టైలో పందెపు బాట కలదు. కోయంబత్తూరు వాడైన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొని, వాటిలో దిగిన మొదటి భారతీయుడయ్యెను. పిల్లలు వేగమును చూచి ఆనందింతురు. పెద్దలమైన మనము ఆ వేగము వెనుకనున్న సంభాషణను చూచినచో, బడికి, ఇంటికి పనికివచ్చు పాఠ మొకటి అందు దొరకును. దానిని తెలుపుటకే ఈ వ్యాసము.

మలుపులో జరుగునది

తిన్నని దారిలో కారును తోలుట కష్టము కాదు. మలుపులలోనే అసలు పరీక్ష. కారును నేలకు పట్టియుంచునవి నాలుగు టైర్లు మాత్రమే; అవి నేలను తాకు చోటు మిక్కిలి కొంచెము. మలుపులో ముందు టైర్ల పట్టు ముందుగ సడలినచో, స్టీరింగు ఎంత త్రిప్పినను కారు చాలినంత తిరుగక వెలుపలి అంచు వైపునకు పోవును. దీనిని అండర్‌స్టీర్ అందురు. వెనుక టైర్ల పట్టు ముందుగ సడలినచో, కారు తోక వెలుపలికి జారి, కారు కావలసినదానికంటె ఎక్కువగ తిరుగును. దీనిని ఓవర్‌స్టీర్ అందురు. బురద దారిలో సైకిలు త్రొక్కినవారు ఈ రెంటిని ఎరిగియే యుందురు. ముందు చక్రము జారుట వేరు, వెనుక చక్రము జారుట వేరు.

మలుపునకు మూడు భాగములు కలవు. బ్రేకు వేసి స్టీరింగు త్రిప్పుచు లోనికి పోవుట మొదటిది. వేగము తగ్గి కారు తిరుగుచుండుట రెండవది. యాక్సిలరేటరు త్రొక్కుచు వెలుపలికి వచ్చుట మూడవది. లోపము ఒకటియే యైనను, అది కనబడు భాగమును బట్టి కారణము మారును. లోనికి పోవునపుడు వెనుక భాగము జారినచో, వెనుక చక్రములకు బ్రేకు పాలు ఎక్కువైనదేమో చూడవలెను. వెలుపలికి వచ్చునపుడు జారినచో, ఇంజను బలమును వెనుక టైర్లు భరింపలేకున్నవేమో చూడవలెను. అట్లే వేగముగ పోవు మలుపులలో మాత్రమే లోపము కనబడినచో, గాలి ఒత్తిడిని కలిగించు రెక్కలను అనుమానింపవచ్చును. నిదానపు మలుపులలో గాలి బలము తక్కువ గనుక, అచ్చట స్ప్రింగులు మొదలగువానిని చూడవలెను. కావున ఎచ్చట, ఎప్పుడు అను రెండు మాటలు లేనిదే, ఏమి అను మాటకు విలువ లేదు.

ఏది పనికివచ్చు మాట?

డ్రైవరు పరుగు ముగించి వచ్చి, "కారు బాగులేదు" అనెననుకొందము. అది నిజమే కావచ్చును. కాని ఆ మాటతో ఇంజనీరు ఏ మరను తిప్పవలెను? "ముందు పట్టు లేదు" అనెననుకొందము. ఇది కొంత మేలు. "మూడవ మలుపున బ్రేకు వదలిన తరువాత స్టీరింగు త్రిప్పినను కారు ముందుభాగము ఆలస్యముగ లోనికి వచ్చుచున్నది. వెలుపలికి వచ్చునపుడు సరిగనే యున్నది. మొదటి నాలుగు చుట్లలో ఈ లోపము లేదు. ఐదవ చుట్టు మొదలు కనబడినది" అనెననుకొందము. ఇప్పుడు ఇంజనీరునకు చోటు తెలిసినది, సమయము తెలిసినది. మొదట లేక తరువాత వచ్చినది గనుక, టైర్లు వేడెక్కుటతోనో అరుగుటతోనో సంబంధమున్నదేమోయని ఆలోచించుటకు దారి దొరకినది. టైరు వేడిని లోపలి అంచున, నడుమ, వెలుపలి అంచున మూడు చోట్ల కొలిచి చూతురు. రెండంచులకంటె నడుమ ఎక్కువ వేడిగ నున్నచో, గాలి ఎక్కువైనదని ఊహింతురు. డ్రైవరు మాట, కొలత ఒకదాని నొకటి బలపరచినపుడు సవరణ ధైర్యముగ చేయవచ్చును.

ఇంకొక నియమము కలదు. అనుభవమును చెప్పవలెను గాని చికిత్సను ముందుగ చెప్పరాదు. "ముందు స్ప్రింగులను మెత్తపరచుడు" అని డ్రైవరు వచ్చుటతోనే అన్నచో, తాను చూచిన దానిని దాచి, తాను ఊహించిన దానిని మాత్రమే చెప్పినట్లగును. వైద్యుని వద్దకు పోయి నొప్పి యెచ్చటనో చెప్పక, ఫలాని మందు ఇమ్మని అడుగు రోగి వంటివాడే అతడు. ఊహ తప్పైనచో సరియైన ఆధారము కూడ నష్టమగును. చూచినది ముందు చెప్పి, ఊహను పిమ్మట వేరుగ చెప్పినచో దోషము లేదు.

ఈ నియమము ఎంత అవసరమో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. డ్రైవరు మలుపులోనికి పోయెను. ముందుభాగము తిరుగలేదు. అతడు స్టీరింగును ఇంకను త్రిప్పెను. వేగము తగ్గిన పిమ్మట ముందు టైర్లకు ఒక్కసారిగ పట్టు దొరకెను. అప్పటికే స్టీరింగు మితిమీరి త్రిప్పియున్నందున కారు ముందుభాగము లోనికి దూకి, వెనుక భాగము జారెను. డ్రైవరునకు భయము కలిగించినది ఈ చివరి జారుడే. కావున అతడు వచ్చి, "వెనుక భాగము జారుచున్నది" అని మాత్రమే చెప్పెను. ఇంజనీరు ఆ మాటను నమ్మి, వెనుక పట్టు పెంచి ముందు పట్టు తగ్గించెను. రోగము ముదిరెను. మూలము ముందుభాగమున నున్నది. వెనుక జారుడు దాని ఫలము మాత్రమే. భయపెట్టిన దానిని గాక, జరిగిన దానిని జరిగిన వరుసలో చెప్పినవాడే ఇంజనీరునకు మేలు చేసినవాడు.

ఎగిరిపడిన చిన్న తలుపు

బ్రూస్ మెక్‌లారెన్ న్యూజీలండు దేశస్థుడు. 1937లో జన్మించెను. ఇంజనీరింగు చదువుచు, పందెముల కొరకు దానిని విడిచి, 1963లో స్వంత జట్టును స్థాపించెను. ఆ కాలముననే ఇంగ్లండులోని గుడ్‌వుడ్ బాటపై ఒకనాడు కారును పరీక్షించుచుండగా, కారుపై పెట్రోలు పోయు చోటి చిన్న తలుపు టపటప కొట్టుకొనుచుండెను. సరిగ మూయలేదని మొదట అతనికి పనివారిపై విసుగు కలిగెను. ఎవరికైనను కలుగును. కాని అతడు అచ్చటితో ఆగలేదు. కారు వేగము పెరిగినకొలది మీది గాలి ఆ తలుపును క్రిందికి అదుమవలెను గదా! ఇది వేగము పెరిగినకొలది ఎక్కువగ పైకి లేచుచున్నదేల? లోపలి గాలి ఒత్తిడి పైదానికంటె ఎక్కువగ నున్నప్పుడే అట్లు జరుగును.

అతడు కారును ఆపి, రేకు కత్తెర తీసికొని, రేడియేటరు వెనుకనున్న పైకప్పును కత్తిరించి, లోపల చిక్కుకొన్న గాలి పోవుటకు దారి చేసెను. మరల నడపినపుడు కారు వెంటనే మునుపటికంటె వేగముగ చుట్టివచ్చెను. ఈ కథలో డ్రైవరు, ఇంజనీరు ఒక్కడే. కావున మాట పోవలసిన దూరము లేదు. అయినను పాఠము అందరిది. "తలుపు సరిగ మూయలేదు" అనునది నిందారోపణము. "వేగము పెరిగినకొలది తలుపు ఎక్కువగ లేచుచున్నది" అనునది సాక్ష్యము. నిందతో తలుపు మాత్రము మూతపడియుండెడిది. సాక్ష్యముతో కారు బాగుపడెను. ఇట్టి పరీక్షలు ఆటలు కావని కూడ చెప్పవలెను. అదే గుడ్‌వుడ్‌లో 1970 జూను 2వ తేదీన తన కారును పరీక్షించుచు మెక్‌లారెన్ ప్రాణము కోల్పోయెను.

దుబాసి జంకిన మాట

1973లో ఇటలీ దేశపు ఫెరారీ జట్టు ఫార్ములా వన్ పందెములలో ఒక్కటియు గెలువలేదు. ఆ జట్టువారికి ఫియొరానో అను చోట స్వంత పరీక్షా బాట కలదు. ఆస్ట్రియా దేశపు యువకుడు నికీ లౌడా జట్టులో క్రొత్తగ చేరి, అచ్చట మొదటిసారి కారును నడపెను. వృద్ధుడైన ఎంజో ఫెరారీ ఎట్లున్నదని అడిగెను. ఆయన మాటలాడునది ఇటాలియను. లౌడాకు ఆ భాష అప్పటికి సరిగ రాదు. నడుమ దుబాసిగ నున్నవాడు ఫెరారీ కుమారుడు పియెరో. కారు ఏమాత్రము బాగులేదని లౌడా అనెను. అట్టి మాట మా తండ్రితో అనరాదని పియెరో జంకెను. అపుడు లౌడా కారు ముందుభాగము తిరుగుట లేదనియు, అండర్‌స్టీర్ ఎక్కువగ నున్నదనియు, ముందు ఇరుసు భాగమును మార్చవలెననియు చెప్పెను. ఈ సంగతిని లౌడా తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు.

ఫెరారీ కోపగించుకొన్నను మాటను త్రోసివేయలేదు. మౌరో ఫోర్గియేరి అను ఇంజనీరు ఆ మార్పులు చేయవలెననియు, అటుపిమ్మట లౌడా వేగముగ నడపి చూపవలెననియు, లేనిచో ఉద్యోగము ఉండదనియు చెప్పెను. లౌడా నడపి చూపెను. 1974లో రెండు పందెములు గెలిచి, 1975లో ప్రపంచ విజేత యయ్యెను. 1964 తరువాత ఆ జట్టు డ్రైవరునకు ఆ పదవి దక్కుట అదియే మొదలు.

రెండు భాషల నడుమ బ్రదుకుచున్న మనకు ఈ కథలో గమనింపదగిన సంగతి యున్నది. "బాగులేదు" అను మాట దుబాసి నోట నిలిచిపోయెను. ఎందువలన ననగా అది తీర్పు. "ముందుభాగము తిరుగుట లేదు" అను మాట భాష దాటి ఇంజనీరు చెవికి చేరెను; ఎందువలన ననగా అది వర్ణన. తీర్పు మాటకు మర్యాద అడ్డు వచ్చును. వర్ణన మాటకు ఆ అడ్డు తక్కువ.

ఒకసారికి ఒకటే

అమెరికా దేశస్థుడు మార్క్ డోనహ్యూ బ్రౌన్ విశ్వవిద్యాలయములో 1959లో మెకానికల్ ఇంజనీరింగు పట్టము పొందిన డ్రైవరు. 1972లో ఇండియానాపొలిస్ 500 పందెమును గెలిచెను. అతనిది శాస్త్రజ్ఞుని పద్ధతి. విశాలమైన చదునునేలపై వలయము గీచి, కారును అందు స్థిరముగ గుండ్రముగ త్రిప్పుచు, అది ఎంత వేగము వరకు జారక యుండునో కొలుచుచుండెను. బాటపై బ్రేకు, వేగము, మలుపు అన్నియు ఒకేసారి కలిసివచ్చును గనుక, ఏ మార్పు వలన ఏమి జరిగెనో తెలియుట కష్టము. వలయములో తిరుగునపుడు మలుపు ఒక్కటియే మిగులును. ఒకటి మార్చి తిప్పుము, కొలువుము. మరల ఒకటి మార్చి తిప్పుము. రెండు ఒకేసారి మార్చినచో, ఒకటి చేసిన మేలును రెండవది చెరపవచ్చును. మనకు రెండును తెలియవు.

జర్మనీలోని పోర్షే సంస్థ తన 917 కారునకు టర్బో ఇంజను అమర్చినపుడు, హెల్ముట్ ఫ్లెగెల్ అను ఇంజనీరుతో కలిసి డోనహ్యూ దానిని తీర్చిదిద్దెను. ఆ ఇంజనుకు బలము విశేషముగ నుండెను. కాని కాలు త్రొక్కిన పిమ్మట ఆ బలము కొంత ఆలస్యముగ, ఒక్కసారిగ వచ్చిపడుచుండెను. మలుపు వెలుపలికి వచ్చునపుడు ఆ ఆలస్యము ఎంత ప్రమాదమో లోపల కూర్చున్నవానికే తెలియును. అతడు చెప్పుచు, వారు సవరించుచు పనిచేసిన ఫలముగ, 1973లో 917/30 అను కారుతో డోనహ్యూ కాన్-యామ్ పోటీలలో ఎనిమిదింట ఆరు గెలిచెను.

ఇట్టి పరీక్షలలో మంచి డ్రైవర్లు మరియొక అలవాటు పాటింతురు. మార్పులు చేయుచు పోయి, చివర మొదటి అమరికకు తిరిగివచ్చి నడపి చూతురు. మొదటిసారికంటె ఇప్పుడు వేగముగ పోయినచో, మేలు చేసినది మార్పు కాదు, బాట శుభ్రపడుటయో తనకు చేయి తిరుగుటయో కావచ్చునని తెలిసికొందురు. తన తప్పును ఒప్పుకొనుట కూడ ఈ కోవలోనిదే. "ఆ చుట్టులో నేనే ఆలస్యముగ బ్రేకు వేసితిని, దానిని లెక్కలోనికి తీసికొనవలదు" అను డ్రైవరు మాటను ఇంజనీరు బంగారముగ చూచుకొనును. ఆ ఒక్క మాట లేనందున ఒక పూట శ్రమ వృథా కావచ్చును.

యంత్రము చెప్పునది, మనిషి చెప్పునది

నేటి ఫార్ములా వన్ కార్లలో కొలత సాధనములు వందల కొలది యుండును. చక్రముల వేగము, బ్రేకుల వేడి, స్టీరింగు త్రిప్పిన కోణము, యాక్సిలరేటరుపై కాలు ఎంత యున్నది, ఇవన్నియు కారు పరుగెత్తుచుండగనే టెలిమెట్రీ ద్వారా ఇంజనీర్ల తెరపైకి వచ్చును. ఇక డ్రైవరు మాటతో పని యేమని తోచును. కాని కొలత జరిగినదానిని చూపునే గాని, డ్రైవరు అట్లేల చేసెనో చూపదు. ఒక మలుపులో అతడు కాలు కొంచెము వెనుకకు తీసెనని గీత చూపును. కారు జారినదా? జారునేమో యని జంకెనా? ముందు కారు రేపిన గాలి తగిలినదా? ఇది అతడే చెప్పవలెను. నమ్మకము లేని కారును ఏ డ్రైవరును అంచు వరకు నడపడు. ఆ నమ్మకమును కొలుచు సాధనము లేదు.

కాలము కూడ తక్కువ. సాధారణమైన పోటీ వారములో ఒక్కొక్క గంట చొప్పున మూడు అభ్యాస ఘట్టములు మాత్రమే యుండును. ఆ కొద్ది వ్యవధిలో ఇరువది ఫిర్యాదులు చెప్పువానికంటె, "అన్నిటికంటె ఎక్కువ కాలము పోవునది ఈ లోపము వలన, దీనిని ముందు చూడుడు" అని ఒకటి రెండు చెప్పువాడు మేలు.

బడికి, ఇంటికి

తల్లిదండ్రులారా, ఈ కథ నింత దూరము నడపినందుకు కారణము మన బడిలోనే యున్నది. కొంతకాలము క్రిందట ఒక తండ్రి నా గదికి వచ్చి, "అయ్యా, మావాడికి లెక్కలు రావడము లేదు. ట్యూషను పెట్టిస్తాను. అప్పటికీ రాకపోతే తెలుగు మీడియము మాన్పించి వేరే బడిలో వేస్తాను" అనెను. ఆయన బాధ నిజమైనది. మార్కుల పట్టిక నిజమైనది. కాని ఆయన నాకు తీర్పును, చికిత్సను చెప్పెనే గాని, చూచినదానిని చెప్పలేదు. నేను కూడ అడుగలేదు. తరగతి ఉపాధ్యాయునితో కలిసి పిల్లవానికి మరికొన్ని లెక్కలు ఇచ్చితిమి. ఫలము లేకపోయెను.

తరువాత తల్లి వచ్చెను. ఆమె అక్షరాస్యురాలు కాదు. తల వంచుకొని ఒక మాట చెప్పెను. "అంగట్లో చిల్లర లెక్క తప్పకుండా చెప్తాడు సారు. నోటితో అడిగితే చెప్తాడు. పుస్తకము చూసి చెయ్యమంటేనే నిలిచిపోతాడు." ఎచ్చట, ఎప్పుడు, ఏమి, అన్నియు ఆ మాటలో ఉన్నవి. వాని ప్రశ్నాపత్రమును తీసి చూచితిమి. కూడికలు, తీసివేతలు అంకెలలో ఇచ్చినవన్నియు సరియైనవే. మాటలలో ఇచ్చిన లెక్కలు మాత్రము వ్రాయక విడిచినాడు. అదే లెక్కను ఉపాధ్యాయుడు పైకి చదివి వినిపింపగా, వాడు నిమిషములో చేసెను. లోపము లెక్కలలో కాదు, చదువుటలో. పుస్తకపు తెలుగు మన ఇండ్లలో మాటలాడు తెలుగు కంటె వేరుగ నుండును. "శేషము", "మొత్తములో మూడవ వంతు" అనువానిని వాడు ఎన్నడును విని యుండలేదు. వెనుక చక్రము జారుచున్నదని మేమందరము వెనుక చక్రమును సవరించుచుంటిమి. మూలము ముందు నుండెను. ట్యూషనుకు బదులు ప్రతిదినము పావుగంట పైకి చదివించితిమి. ఏడాది పరీక్షకు వాడు తరగతిలో వెనుకబడినవాడు కాడు. వాడు ఇంకను మన బడిలోనే యున్నాడు.

కావున ఈ సంవత్సరము బడికి వచ్చునపుడు మీ పిల్లవాడు మంచివాడనియో, మొద్దనియో తీర్పు చెప్పవలదు. ఇంటివద్ద మీరు చూచినది చెప్పుడు. ఏ పాఠమున నిలిచిపోవుచున్నాడు? చదువునపుడా, వ్రాయునపుడా? ఉదయమా, రాత్రి దీపము వద్దనా? ఎప్పటినుండి? వాడు బాగుగ చేయునది ఏది? చదువు రానివారము, మాకేమి తెలియునని తల్లులు వెనుకాడవలదు. బిడ్డతో కూడ ఇంటనుండునది మీరు. మేము వెలుపలనున్న వారము. అట్లే మీ బిడ్డ ఏదైన చెప్పవచ్చినపుడు "బాగులేదు" అనుటతో సరిపెట్టనీయక, "ఎచ్చట? ఎప్పుడు? ఏమి జరిగినది?" అని మన ఇంటి భాషలోనే ఓపికగ అడుగుడు. తన కనుభవమైనదానిని తన భాషలో వరుసగ చెప్పనేర్చిన బిడ్డ, రేపు ఏ భాషలోనైనను చెప్పగలడు. వినువారముగ మేము కూడ ఇకమీదట తొందరపడక అడిగి తెలిసికొందుమని మాట ఇచ్చుచున్నాము.